డాక్టర్ సలహా: బీపీ 158, నిద్ర మూడు గంటలు, ఎదిగిన కొడుకులిద్దరూ ఇంట్లోనే

ప్రశ్న: నా వయసు 52. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు రాస్తాను. జీతం 22 వేలు. విడాకులై తొమ్మిదేళ్లయింది. ఇద్దరు మగపిల్లలు, 27, 24 ఏళ్లు. ఇద్దరూ ఏ పనీ చేయడం లేదు. పెద్దవాడు బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టి అప్పులు చేశాడు. రెండుసార్లు నా బంగారం కుదువపెట్టి తీర్చాను. ఇప్పుడు నా పేరున ఉన్న ఫ్లాట్ తాకట్టు పెట్టమంటున్నాడు. కాదంటే గ్లాసులు విసురుతాడు, ‘నీ వల్లే నాన్న వెళ్లిపోయాడు’ అంటాడు, చచ్చిపోతానంటాడు. చిన్నవాడు డిగ్రీ ఆఖరి ఏడాదిలో మానేసి ఏడాదిగా గది దాటడం లేదు. రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. నాకు తలనొప్పి, ఛాతీ బిగపట్టినట్టు ఉంటోంది. మెడికల్ షాపులో చూపిస్తే బీపీ 158/96 వచ్చింది. రెండు నెలలుగా అక్కడే అడిగి రాత్రిపూట ఆల్ప్రజోలమ్ 0.5 వేసుకుంటున్నాను. ఇప్పుడు దాంతో కూడా మూడు గంటలకు మించి నిద్ర పట్టడం లేదు. డోసు పెంచాలా? ఇదంతా టెన్షన్ వల్లేనా? ఇద్దర్నీ బయటికి పంపేయమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, డోసు పెంచకండి. ఇదంతా టెన్షనేనని ఇప్పుడే తేల్చేసుకోకండి. మీ పిల్లలిద్దరినీ ఒకే గాటన కట్టకండి. ఉత్తరంలో మీరు ఇద్దరి గురించీ కలిపి రాశారు గానీ, నాకు మాత్రం రెండు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. పెద్దబ్బాయి విషయంలో మీరు గట్టిగా ఉండాలి. చిన్నబ్బాయి విషయంలో తొందరపడాలి. వీటికంటే ముందు మీ ఒంటి సంగతి చూద్దాం.

ఛాతీ బిగపట్టడం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. 52 ఏళ్ల వయసులో, బీపీ ఉన్నప్పుడు, దాన్ని ‘మనసు బాగాలేక’ అని సరిపెట్టుకోకూడదు. ఆడవాళ్లలో గుండె నొప్పి చాలాసార్లు దవడలోనో, వీపులోనో, గ్యాస్ పట్టినట్టుగానో, మెట్లెక్కుతుంటే ఆయాసంగానో వస్తుంది. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఈసీజీ బాగున్నా సరే, నడిచేటప్పుడో మెట్లెక్కేటప్పుడో బిగుతు వస్తోందంటే ఆ మాట డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. అప్పుడు ఎకో, ట్రెడ్‌మిల్ లాంటి పరీక్షలు అవసరమో కాదో ఆయన చూస్తారు. బిగుతు పదిహేను నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, బీపీ 180/120 దాటి చూపు మసకబారినా, మాట తడబడినా, ఒక పక్క చేయి బలం తగ్గినా 108కి ఫోన్ చేయండి. ఆ సమయంలో పిల్లల్ని బండి తీయమని బతిమాలుతూ కూర్చోవద్దు.

షాపు కౌంటరు దగ్గర నిలబడి ఒక్కసారి చూపించుకున్న బీపీని బట్టి మందు మొదలుపెట్టం. చేతికి కట్టే డిజిటల్ మిషన్ ఒకటి కొనుక్కోండి. మణికట్టుకు కట్టేది వద్దు. పొద్దున టిఫిన్‌కీ కాఫీకీ ముందు, రాత్రి పడుకోబోయే ముందు చూసుకోండి. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేయి బల్ల మీద పెట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. ఇలా ఏడు రోజులు చేయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీస్తే, అది 135/85 గానీ అంతకు పైన గానీ ఉంటే మీకు బీపీ ఉన్నట్టే. గొడవ జరిగిన రోజు పక్కన చిన్న గుర్తు పెట్టండి. గొడవ లేని రోజుల్లో కూడా అంకె ఎక్కువే ఉంటే, పిల్లలు రేపే ఉద్యోగాల్లో చేరినా మీకు మందు కావాలి. చాలామంది తల్లులు ఇక్కడే పొరబడతారు, ఇల్లు చక్కబడ్డాక బీపీ అదే తగ్గుతుందని ఏళ్లకేళ్లు ఆగుతారు. ఈలోగా కిడ్నీలు పాడవుతాయి. ఈసీజీతో పాటు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. రాత్రిళ్లు ఒళ్లంతా వేడెక్కి చెమట పట్టి మెలకువ వస్తోందా? అది నెలసరి ఆగే దశ వల్ల కూడా కావచ్చు, దానికీ చికిత్స ఉంది. రోజుకు మొత్తం ఉప్పు ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు దాటకూడదు. రెండు పూటలా ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలు తింటుంటే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

ఇక ఆల్ప్రజోలమ్. డాక్టరు చీటీ లేకుండా, రిజిస్టర్లో రాయకుండా అమ్మకూడని మందు అది. మీకు ఇచ్చిన షాపు తప్పు చేసింది. రెండు నెలలు వరసగా వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, అందుకే ఇప్పుడు పనిచేయడం లేదు. ఒకటిన్నర మాత్ర వేసుకుంటే నాలుగు రోజులు నిద్ర పడుతుంది, తర్వాత మళ్లీ ఇదే కథ. అలాగని ఇది చదివి ఈ రాత్రికే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, గుండెదడ, ఉన్న నిద్ర కూడా పోవడం, కొందరిలో ఫిట్స్ రావడం జరుగుతుంది. మీ డోసు చూసి కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ డాక్టరే ఆపించాలి. దిగులు, ఏ పనిమీదా మనసు లేకపోవడం, ఎప్పుడూ ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే ఆ మాట కూడా ఆయనకు చెప్పండి. అది డిప్రెషన్ అయితే నిద్రమాత్ర దాన్ని తగ్గించదు.

పెద్దబ్బాయి దగ్గరికి వద్దాం. గొడవ ఎలా నడుస్తోందో మీరు రాసినదాన్ని బట్టి నాకు ఇలా అర్థమైంది. అతను ఐదు వందలు అడుగుతాడు. మీరు లేవంటారు. మళ్లీ అడుగుతాడు, గొంతు పెరుగుతుంది. మీరు లేవంటారు. కంచం పక్కకు నెడతాడు, నాన్న మాట తెస్తాడు. మీరు ఇంకా లేవనే అంటారు. గ్లాసు గోడకు తగులుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తీస్తారు. పరువు పోతోందని మీరు బీరువా తీస్తారు. ఆ రాత్రి అతను నేర్చుకున్నది ఒక్కటే: అమ్మ ‘లేవు’ అనే మాట గ్లాసు పగిలేదాకానే. అసలు ఇవ్వని ఇంట్లోకన్నా, మూడుసార్లు కాదని నాలుగోసారి ఇచ్చే ఇంట్లో ఈ కేకలు బాగా ముదురుతాయి. బెట్టింగ్ కూడా సరిగ్గా ఇలాగే మనిషిని పట్టుకుంటుంది. తొమ్మిదిసార్లు పోయి పదోసారి వస్తుంది, ఆ పదోసారి కోసం మళ్లీ ఆడతాడు.

కాబట్టి చేతికి డబ్బివ్వడం ఒక తేదీతో ఆపాలి, ఆపాక ఒక్కసారి కూడా ఇవ్వకూడదు. ఆ మాట రాత్రి చెప్పకండి, అతనికి తాగే అలవాటుంటే తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. ఆదివారం టిఫిన్ అయ్యాక కూర్చోబెట్టి పది నిమిషాల్లో ముగించండి. ‘నాన్నా, ఒకటో తారీకు నుంచి నీ చేతికి డబ్బివ్వను. అన్నం, పడక ఎప్పటిలాగే ఉంటాయి. ఇంటర్వ్యూకి బస్సు చార్జీ, పరీక్ష ఫీజు ఏదైనా ఉంటే నేనే కడతాను. అప్పు మాత్రం కట్టను, ఫ్లాట్ కాగితాల మీద సంతకం పెట్టను.’ ఇంతే చెప్పండి. ఎందుకని అడిగితే మళ్లీ ఇదే మాట చెప్పండి. కొత్త కారణాలు చెప్పే కొద్దీ వాదించడానికి అతనికి దారి దొరుకుతుంది. దీన్నే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

దీనికి ముందే చేసుకోవాల్సిన పనులున్నాయి. యూపీఐ పిన్, ఫోన్ లాక్, ఏటీఎం పిన్ మార్చండి. మీ ఆధార్, పాన్‌తో ఎక్కడైనా లోన్ తీశాడేమో బ్యాంకులో క్రెడిట్ రిపోర్టు తీయించి చూడండి. ఫ్లాట్ దస్తావేజు, మిగిలిన బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి. ఫ్లాట్ మీద ఎక్కడైనా తాకట్టు ఉందేమో చెప్పే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి తీయించండి. మీరు కో-అప్లికెంటుగానో షూరిటీగానో సంతకం పెట్టకపోతే, 27 ఏళ్ల కొడుకు చేసిన అప్పు మీరు కట్టాలని ఏ చట్టమూ చెప్పదు. లోన్ యాప్ వాళ్లు ఫోన్ చేసి బెదిరిస్తే నంబర్లు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

మొదటి రెండు మూడు వారాలు గొడవ తగ్గదు, పెరుగుతుంది. అది మామూలే. నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఈ రోజు తెరుచుకోకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా తడతారు. సరిగ్గా ఆ మూడో వారంలో మీరు బీరువా తీస్తే, వ్యవహారం ఇప్పటికన్నా చెడుతుంది. అంతవరకూ నిలబడలేననిపిస్తే మొదలుపెట్టకండి, ముందు నాలుగు రోజులు మీ నిద్ర, మీ బీపీ చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

‘నీ వల్లే నాన్న వెళ్లిపోయాడు’ అన్నప్పుడు కోర్టు కేసు మొదటి నుంచి చెప్పుకురావద్దు. తండ్రిని తిట్టొద్దు. ఆ మాట అన్న ప్రతిసారీ మీరు తొమ్మిదేళ్ల కిందటి విడాకులకు వాయిదాల్లో జరిమానా కడుతున్నారు. ‘అప్పుడు నువ్వు పడ్డ బాధ నిజమే నాన్నా. దాని గురించి నువ్వు ఎప్పుడు మాట్లాడాలన్నా కూర్చుంటాను. డబ్బు సంగతి మాత్రం వేరు’ అనండి. నిజంగా ఒక రోజు కూర్చోండి కూడా. ఆ పిల్లలకు అప్పుడు 18, 15 ఏళ్లు. ఆ వయసులో ఇల్లు రెండు ముక్కలైతే తగిలే దెబ్బ చిన్నది కాదు.

చచ్చిపోతానన్న మాట. ‘బెదిరిస్తున్నాడు లే’ అని ఏ ఒక్కసారీ కొట్టిపారేయకండి. జూదం అప్పుల్లో ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు నిజంగానే ఎక్కువ. కానీ దానికి జవాబు డబ్బు కాదు. పక్కన కూర్చుని, ‘చావాలని ఆలోచన వస్తోందా? ఎలాగని అనుకున్నావు?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. వస్తోందంటే అతన్ని ఒంటరిగా వదలొద్దు. మీ మాత్రలు సహా ఇంట్లో ఉన్న మందులన్నీ, ఎలుకల మందు, ఫినాయిల్ లాంటివి తీసి తాళం వేయండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 24 గంటలూ తెలుగులోనే మాట్లాడతారు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రతిసారీ ఇలాగే చేస్తే, నిజంగా బాధలో ఉన్నవాడికి సాయం అందుతుంది, కేవలం డబ్బు కోసం అన్న మాటైతే దాంతో డబ్బు రాదని తెలుస్తుంది. జూదం వ్యసనానికి మానసిక వైద్య విభాగంలో కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఉన్నాయి. రోజూ తాగే అలవాటు కూడా ఉంటే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని మాత్రం చేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది చిన్నబ్బాయి గురించి. అల్లరి లేదు, డబ్బు అడగడు, కాబట్టి ఉత్తరంలో అతని గురించి రెండు వాక్యాలే రాశారు. 24 ఏళ్లవాడు చదువు మానేసి, ఏడాదిపాటు గది దాటకుండా, రాత్రీ పగలూ తారుమారై ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు, నలుగురిలోకి వెళ్లాలంటే పట్టుకునే తీవ్రమైన భయం కావచ్చు, ఫోన్ గేముల వ్యసనం కావచ్చు, స్కిజోఫ్రెనియా మొదటి దశ కూడా కావచ్చు. ఆ జబ్బు మగపిల్లల్లో ఎక్కువగా మొదలయ్యేది ఈ వయసులోనే. ఓ నాలుగు రోజులు గమనించండి. తనలో తను మాట్లాడుకుంటున్నాడా, కారణం లేకుండా నవ్వుతున్నాడా? తన గురించి ఎవరో మాట్లాడుకుంటున్నారని, ఫోన్లో వింటున్నారని అంటున్నాడా? కిటికీలు మూసి గుడ్డలు కడుతున్నాడా? స్నానం, గడ్డం వదిలేశాడా? మీరు పెట్టిన అన్నాన్ని అనుమానంగా చూస్తున్నాడా? వీటిలో ఒక్కటి ఉన్నా ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించాలి. మందు లేకుండా గడిచే ప్రతి నెలా తర్వాత కోలుకోవడాన్ని కష్టం చేస్తుంది.

‘పిచ్చి డాక్టర్ దగ్గరికి’ అంటే ఎవరూ కదలరు. అతన్ని ఏది బాధపెడుతోందో దాంతో మొదలుపెట్టండి. ‘నీకు నిద్ర పాడైంది, నాకూ పాడైంది, ఇద్దరం కలిసి చూపించుకుందాం’ అనండి. అబద్ధం కాదు కదా. రానంటే ముందు మీరొక్కరే వెళ్లి చెప్పండి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, గుంటూరు జీజీహెచ్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అన్నంలో మందు కలిపి పెట్టే పని మాత్రం చేయొద్దు. అనుమానం జబ్బున్నవాడికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మీ చేతి ముద్ద ముట్టడు. తనకో ఇతరులకో ప్రమాదం కలిగే పరిస్థితి వచ్చి, అయినా రానంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద కుటుంబ సభ్యుల సాయంతో చేర్చుకునే వీలుంది. పోలీసుల సాయం కూడా అడగవచ్చు.

‘తమ్ముణ్ణి చూసి నేర్చుకో’ అన్న మాట ఆ ఇంట్లో వినపడకూడదు. పెద్దవాడి మీద పెట్టే షరతులు చిన్నవాణ్ణి డాక్టరు పరీక్షించేదాకా అతనికి పెట్టకండి. మీ అన్నయ్య సాయం చేస్తానంటే మంచిదే, ఆ ఆదివారం పక్కన కూర్చోమనండి. మేనమామ మాటకు మన ఇళ్లలో విలువ ఉంది. కానీ ఆయన ఒక్కరే చాలు. ఐదుగురిని పిలిచి పంచాయితీ పెడితే కుర్రవాడికి సిగ్గు తప్ప ఏమీ మిగలదు.

ఇక పంపేయడం సంగతి. ఫ్లాట్ మీ సంపాదనతో కొన్నదైతే, మీ జీవితకాలంలో అందులో పిల్లలకు హక్కు లేదు. గ్లాసు గోడకు కాకుండా మీ వైపు వచ్చిన రోజున, లేదా మీ మీద చేయి పడిన రోజున ఆలోచించకుండా 112కి, ఆ తర్వాత మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహ హింస చట్టం కోడలికే కాదు, కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తల్లికీ వర్తిస్తుంది. అతన్ని ఇంట్లోకి రానీయకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం ఉచితంగా లాయర్ను పెడుతుంది, 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. చేయి చేసుకోనంతవరకూ పెద్దబ్బాయికి మూడు నెలల గడువు రాసివ్వండి. ఆటోనగర్లో షెడ్డు పనైనా, డెలివరీ పనైనా, చదువుకు తగ్గదా కాదా అన్న లెక్క పక్కనపెట్టి ఏదో ఒక పనిలో చేరాలి, బెట్టింగ్‌కు చికిత్స మొదలుపెట్టాలి. రెండూ కాకపోతే హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల అద్దె మీరే నేరుగా హాస్టల్‌కు కట్టి పంపండి, అతని చేతికివ్వకండి. చిన్నబ్బాయిని డాక్టరు చూసేదాకా ఎక్కడికీ పంపొద్దు.