ఫిజికల్లీ అంటే ప్రతిచోటా ‘శారీరకంగా’ అనేనా?

ఆఫీసు లెటర్లో ‘ఫిజికల్లీ ప్రెజెంట్’ అని ఉన్నదాన్ని తెలుగులో ‘శారీరకంగా హాజరు’ అని రాయొచ్చా అని అడిగారు. దయచేసి రాయకండి. ఆ ఒక్క మాట వల్ల మా నాన్నగారు ఓ పూట పస్తున్నారు.

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారికి 74 ఏళ్లు. పెన్షన్ పని మీద ఒక ఆఫీసు నుంచి ‘శారీరకంగా హాజరు కావలెను’ అని కాగితం వచ్చింది. అది చదివి, ఒంటికి పరీక్షలు చేస్తారు కాబోలు అనుకుని, రక్తం తీస్తారేమోనని పొద్దున్నే ఇడ్లీ కూడా ముట్టుకోకుండా, పాత ఈసీజీలు, షుగర్ రిపోర్టులన్నీ బట్టల షాపు కవర్లో పెట్టుకుని బయల్దేరారు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. క్యూలో కళ్లు తిరిగాక గానీ సంగతి బయటపడలేదు. కౌంటర్లో అమ్మాయి ‘మీరు స్వయంగా వస్తే చాలు సార్’ అంది.

ఆ ‘స్వయంగా’ అన్నదే కాగితంలో ఉండాల్సిన మాట.

‘ఫిజికల్లీ’ అనే ఇంగ్లీషు మాటకు మూలం గ్రీకులో ప్రకృతి అని అర్థమున్న ‘ఫ్యూసిస్’. ఫిజిక్సూ, డాక్టర్ని పిలిచే ఫిజీషియనూ ఆ వేరు నుంచే వచ్చాయి. అందుకే ఒళ్లు అనేది దాని అర్థాల్లో ఒకటి మాత్రమే. ‘ఫిజికల్లీ వీక్’ అంటే ఒంట్లో సత్తువ లేదని. పక్కన ‘మానసికంగా’ ఉంటే అప్పుడు ‘శారీరకంగా’ బాగానే అతుకుతుంది. మిర్చి యార్డులో టిక్కీ (మిరపకాయల బస్తా) విప్పి, కాయ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, విరిచి చూసి మరీ ధర చెప్తారు కదా, సరుకును ఫిజికల్లీ చెక్ చేయడం అంటే అదే, అక్కడ ‘స్వయంగా పట్టి చూసి’ అంటే సరిపోతుంది. పదింటికి గుంటూరులోనూ బెజవాడలోనూ ఉండమంటే ‘ఫిజికల్లీ ఇంపాసిబుల్’, అంటే అయ్యే పని కాదు, అంతే.

‘భౌతికంగా’ అని కొందరు రాస్తున్నారు. కోర్టు వార్తల్లో చెల్లుతుంది, తప్పని అనను. కానీ మన చెవికి ముందు గుర్తొచ్చేది భౌతికకాయం, ఆ తర్వాత సంతాప సభల్లో ‘భౌతికంగా మన మధ్య లేకపోయినా’ అనే మాట. పెద్దవాళ్లకు పంపే కాగితంలో అది అస్సలు వద్దు. ‘మీరే స్వయంగా రావాలి, పరీక్షలేమీ ఉండవు, ఆధార్ కార్డు తెచ్చుకోండి’ అని రాసేయండి.