విదేశీ చదువుకు పూర్వ విద్యార్థుల సాయం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: చెన్నైలో తెలుగు మాధ్యమంలో నడిచిన ఒక పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘానికి నేను కార్యదర్శిని. ఒక మహిళా కళాశాల పూర్వ విద్యార్థినుల సంఘంతోనూ, అమెరికాలో స్థిరపడిన మా సహాధ్యాయులతోనూ కలిసి, పై చదువులకు విదేశాలకు వెళ్లగోరే పేద విద్యార్థులకు తోడ్పడాలని తీర్మానించుకున్నాం. ఏడాదికి సుమారు 6 లక్షల రూపాయలు పోగవుతాయి. మొత్తం ఒక్కరికే ఇవ్వాలని కొందరు, సీటు వచ్చినవారందరికీ పంచాలని కొందరు అంటున్నారు. ఏది మేలు?
— కార్యదర్శి, చెన్నై

జవాబు: ఈ రెండు పద్ధతులూ మీ ఆశయానికి సరిపోవని మా అభిప్రాయం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పీజీ చదువుకు పదుల లక్షలు అవుతాయి కనుక, ఉన్న 6 లక్షలూ ఒక్కరికే ఇచ్చినా ఆ కుటుంబం బ్యాంకు గడప ఎక్కక తప్పదు. సీటు వచ్చినవారందరికీ పంచితే అది శాలువా కప్పి చేతిలో పెట్టే సత్కారం అవుతుందే తప్ప, వారి ప్రయాణంలో పెద్ద మార్పేమీ తీసుకురాదు. వారు అప్పటికే ఏదో ఒక దారి చూసుకున్నవారు. నిజంగా దారి మూసుకుపోయేది అంతకు ఏడాది ముందు, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండి, అసలు దరఖాస్తే చేయకుండా ఊరుకున్న విద్యార్థికి. అమెరికా పీజీ ప్రవేశాలకు చాలాచోట్ల చూసే జీఆర్ఈ పరీక్ష రుసుమే 20 వేల రూపాయలు దాటుతుంది. దానికి ఇంగ్లీషు పరీక్ష, విశ్వవిద్యాలయం మార్కుల వివరాలు ధ్రువీకరించి ఇచ్చే ట్రాన్స్‌క్రిప్టులు, దరఖాస్తు చేసే ప్రతి చోటా విడి రుసుము తోడైతే, షావుకారుపేటలోని ఏ దుకాణంలోనో గుమస్తాగా పనిచేసే తండ్రి ఆ డబ్బు, అదీ ఫలితం తెలియని పనికి, ఎక్కడి నుంచి తేగలడు? ఈ దశలో ఒక్కొక్కరికి 50 వేల చొప్పున ఇస్తే మీ 6 లక్షలు పన్నెండు మందికి అక్కరకొస్తాయి.

అందులో కొంత భాగాన్ని వడ్డీలేని అప్పుగా పెట్టుకోవడం ఇంకా మంచిది. వీసా రుసుము, సీటు ఖాయం చేసుకునే డిపాజిట్టు, విమానం టికెట్టు వంటివి తరచుగా బ్యాంకు రుణం చేతికి రాకముందే కట్టవలసి వస్తాయి. సరిగ్గా ఆ కొద్ది వారాల్లోనే కుటుంబాలు నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాస్తాయి. జంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ నేటికీ విదేశీ విద్యకు రుణ రూపంలోనే ఉపకార వేతనాలు ఇస్తోంది. తిరిగి వచ్చిన సొమ్ము తరువాతివారికి అందుతోంది. మన తెలుగువారిలో యల్లాప్రగడ సుబ్బారావు ఉదంతం చూడండి. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఆయన 1920లలో హార్వర్డుకు వెళ్లగలిగారంటే, మామగారు కూడబెట్టిన డబ్బుకు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ తోడయింది. కుటుంబం కొంత, ధర్మసంస్థ కొంత మోసిన ఆ ఏర్పాటును మీరూ నిస్సంకోచంగా అనుసరించవచ్చు.

ఇక మూడు బృందాలూ ఒకే పని చేయకుండా పంచుకోండి. కుటుంబాల స్థితిగతులు తెలిసినది పాఠశాల సంఘానికి కనుక విద్యార్థులను గుర్తించే బాధ్యత మీది. అధ్యాపకులతో పరిచయం ఉన్న కళాశాల సంఘం సిఫారసు లేఖలు, ట్రాన్స్‌క్రిప్టులు, మాదిరి ఇంటర్వ్యూలు చూసుకోవచ్చు. అమెరికాలో ఉన్నవారు విద్యార్థి రాసిన వ్యాసం చదివి ప్రశ్నలు వేయాలి, అంతేగాని దాన్ని తామే రాసిపెట్టకూడదు. అక్కడ దిగాక మొదటి రెండు వారాలు తలదాచుకునే చోటు చూపడం కూడా వారే చేయగల పని.

చెన్నై తెలుగు పిల్లల విషయంలో ఒక చిక్కును ప్రత్యేకంగా చెప్పాలి. మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరాలుగా పేరుకు ముందు ఉంటుంది. ఆధార్‌లో తమిళనాడు వాడుక ప్రకారం తండ్రి పేరులోని తొలి అక్షరం చేరుతుంది. పాస్‌పోర్టుకు వచ్చేసరికి ఆ అక్షరాలను పూర్తిగా విప్పి రాయవలసి వస్తుంది. ఒకే అమ్మాయి మూడు కాగితాల్లో ముగ్గురుగా కనిపిస్తుంది. వీసా తేదీ దగ్గర పడ్డాక దీన్ని సరిచేయాలంటే కుటుంబం నోటరీల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరగాలి. డిగ్రీ రెండో ఏటనే మీ సభ్యుడొకరు ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చితే పైసా ఖర్చు లేకుండా చాలా మేలు చేసినట్టే. ప్రభుత్వ పథకాలపైనా ఒకరు దృష్టి పెట్టాలి. షెడ్యూల్డు కులాలు తదితర వర్గాల వారికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఏటా 125 మందికి అవకాశం ఉంటుంది, కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. అర్హత ఉండీ ఆ సంగతి తెలియని పిల్లలు మీ పాఠశాల పరిధిలోనే ఉండవచ్చు.

మూడు సంఘాల మధ్య స్నేహం ఎంత ఉన్నా ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎంపిక ఎవరు చేస్తారు, సభ్యుల బంధువులు దరఖాస్తు చేస్తే ఎవరు తప్పుకోవాలి, లెక్కలు ఎవరి దగ్గర ఉంటాయి, మధ్యలో ఒక సంఘం వైదొలగితే అప్పటికే మాట ఇచ్చిన విద్యార్థుల సంగతేమిటి అనే నాలుగు విషయాలైనా అందులో రాసుకోండి.

ప్రశ్న: మా సంఘానికి విరాళం ఇస్తామన్నవారిలో కొందరిది భారతీయ పాస్‌పోర్టు, కొందరు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అందరి డబ్బూ ఒకే ఖాతాలో వేయించుకోవచ్చా?
— కోశాధికారి, చెన్నై

జవాబు: వేయించుకోకండి. విదేశాల్లో ఉంటున్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవారు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ సంఘం దాన్ని తీసుకోకూడదు. నమోదైన సంస్థలు కూడా 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. ఆ సొమ్మును మరో సంస్థకు బదలాయించడానికి వీల్లేదు. అంటే సంఘాలు కలిసి పనిచేసేచోట ఒక సంఘం తీసుకుని భాగస్వామి సంఘానికి పంచే పద్ధతికి చట్టం ఒప్పుకోదు.

అమెరికా పౌరులైన మిత్రులు తమ వంతు అక్కడే, తమ సంస్థ ద్వారా, విద్యార్థి చేరిన విశ్వవిద్యాలయానికి నేరుగా ఫీజుగా కట్టడం మాకు తోచిన సులువైన మార్గం. మీ సంఘం మాత్రం ఇక్కడి ఖర్చులకే పరిమితం కావడం క్షేమం. ఆదాయపు పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ తన ఆదాయాన్ని భారతదేశంలోనే వెచ్చించాలన్నది సాధారణ నియమం కనుక, విదేశీ విశ్వవిద్యాలయానికి సంఘం ఖాతా నుంచి డబ్బు పంపే ముందు మీ ఆడిటరు మాట రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు, జర్మనీ వెళ్లాలంటున్నాడు. వాళ్ల కళాశాల పూర్వ విద్యార్థుల సమావేశంలో కన్సల్టెన్సీ నడిపే ఒక సభ్యుడు అంతా ఉచితంగా చేసిపెడతానని, ఫలానా ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనే చేరమని గట్టిగా చెబుతున్నారట. నమ్మవచ్చా?
— ఒక తల్లి, ఆవడి

జవాబు: అమ్మా, ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా ఉచితమన్నప్పుడు ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడిగే హక్కు మీకుంది. చాలా కన్సల్టెన్సీలకు విద్యార్థి కట్టే ఫీజులోంచి విశ్వవిద్యాలయం కమిషన్ ఇస్తుంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటివారు 2017 నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు కడుతున్నారు. ఫీజు లేని చోట కమిషనూ ఉండదు కనుక, అలాంటి చోట్ల పేర్లు మీ చెవిన పడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రైవేటువన్నీ చెడ్డవని కాదు. అబ్బాయిని కూర్చోబెట్టి, జర్మనీ విద్యా వినిమయ సంస్థ డీఏఏడీ వెబ్‌సైటులో తన శాఖకు సరిపడే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కోర్సులు చూసి జాబితా రాయమనండి; ఆ తరువాత, వీటిలో ఎందుకు చేర్చడం లేదని ఆ పెద్దమనిషినే అడగండి. సంఘం వేదికపై సలహా ఇచ్చేవారు తమ వ్యాపార ప్రయోజనాన్ని ముందుగా వెల్లడించాలని సంఘం అధ్యక్షులకు ఒక ఉత్తరం రాయడం కూడా న్యాయమే.

ఫీజు లేకపోయినా ఖర్చు లేదనుకోకండి. వీసాకు బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. ఇది 2024 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన మొత్తం. అది మీ అబ్బాయి డబ్బే, అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున తనకే అందుతుంది. దీనికి బ్యాంకు విద్యారుణం అడగవచ్చు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు హామీ అక్కర్లేదు. అంతకు మించితే బ్యాంకు మూడో వ్యక్తి పూచీ అడగవచ్చు. ఆ పూచీకి ఎవరైనా సభ్యులు నిలబడగలరేమో సంఘాన్ని అడగండి, అలాంటి సాయానికే సంఘాలు ఉన్నది. జర్మన్ భాషకు నుంగంబాకంలోని గోథే ఇన్‌స్టిట్యూట్‌లో తరగతులు ఉంటాయి. మన డిగ్రీలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయింది; అది చేతికి రావడానికి సమయం పట్టవచ్చు కనుక, కన్సల్టెన్సీ సంగతి తేలేవరకు ఆగకుండా ఆ దరఖాస్తును అబ్బాయి చేత ముందే పెట్టించండి.