ఎవరూ చూడకపోయినా చారలు పోతాయి

ప్రశ్న: రెండు చీలికల ప్రయోగంలో కణం ఏ చీలిక గుండా పోయిందో గమనిస్తే తెర మీద చారలు మాయమవుతాయంటారు. గమనించడమంటే మనిషి చూడడమేనా? పరికరాన్ని దాని మానాన వదిలేసి, రీడింగు ఎవరూ చూడకపోతే చారలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: రావు. రెండు సన్నని చీలికల గుండా కణాలను పంపితే, ఏ దారిన పోయాయో తేలనంతవరకూ, తెర మీద అవి ఎక్కువగా పడే చోట్లు, తక్కువగా పడే చోట్లు చారల్లా ఏర్పడతాయి. అవే ఈ చారలు. ‘పరిశీలన’ అన్న మాటతోనే వచ్చింది చిక్కంతా. వినగానే కన్ను గుర్తొస్తుంది. ఇక్కడ దానర్థం, కణం ఏ దారిన వెళ్లిందో తెలిపే ఆనవాలు ఎక్కడో ఒకచోట పడటం. పడితే చాలు, దాన్ని ఎవరూ చదవక్కర్లేదు.

వియన్నాలో 2004లో చేసిన ప్రయోగమే తీసుకోండి. 70 కార్బన్ పరమాణువులుండే ఫుల్లరీన్ అణువులను వాక్యూమ్‌లో మూడు గ్రేటింగుల (వరసగా సన్నని చీలికలుండే పలకల) గుండా పంపారు. చీలికకూ చీలికకూ ఎడం దాదాపు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గ్రేటింగులకు ముందే అణువులను లేజర్‌తో వేడెక్కించారు. వేడి తక్కువగా ఉన్నంతసేపూ చారలు చక్కగా వచ్చాయి. పెంచేకొద్దీ వెలిసిపోతూ, 3000 కెల్విన్ దగ్గరికొచ్చేసరికి దాదాపు లేకుండా పోయాయి. అంత వేడికి అణువు బల్బు ఫిలమెంటులా తనే వెలుగుతుంది మరి. తక్కువ వేడిలో వెలువడే పరారుణ ఫోటాన్ (కాంతి రేణువు) తరంగదైర్ఘ్యం కొన్ని మైక్రాన్లు. మైక్రాన్ ఎడంలో ఉన్న దారుల్లో ఏదన్నది దాన్నిబట్టి తేలదు. వేడి పెరిగి తరంగం మైక్రాన్ కంటే పొట్టిదైతే తేలుతుంది. ఆ ఫోటాన్లను ఎవరూ పట్టలేదు, ఏ గోడకో తగిలి పోయాయంతే. చారలు పోవడం కూడా ఒక్కసారిగా జరగలేదు: ఆనవాలు ఎంత మసకగా ఉంటే చారలు అంత మిగిలాయి.

వాక్యూమ్ సరిగా లేకపోయినా ఇదే తంతు. అక్కడే అంతకుముందు, 2003లో, గదిలోకి కొద్దికొద్దిగా వాయువు వదిలి చూశారు. ఒత్తిడి పెరిగేకొద్దీ చారల స్పష్టత ఘాతీయంగా పడిపోయింది. గుద్దుకున్న వాయు కణమే ఆనవాలు మోసుకుపోతుంది.

కొలిచేటప్పుడు తగిలే కుదుపుకే చారలు చెదురుతాయని పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఆ జవాబు సరిపోదు. 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో రుబీడియం పరమాణువు వెళ్లిన దారిని దాని లోపలి స్థితిలోనే మైక్రోవేవ్‌తో గుర్తు పెట్టారు. మైక్రోవేవ్ ఇచ్చే తోపు చారలను చెరిపేంతటిది కానే కాదు. అయినా చారలు రాలేదు.

ఇలా ఆనవాలు పరిసరాల్లోకి పాకిపోవడాన్ని డీకోహెరెన్స్ అంటారు. చారలు ఎందుకు పోతాయో అది చెబుతుంది. ఫలానా అణువు డిటెక్టరులో ఈ చోటే ఎందుకు నమోదైంది, ఆ పక్కన ఎందుకు కాలేదు అంటే మాత్రం చెప్పదు. అక్కడ శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక మాట మీద లేరు.