జులు డాన్స్ పిల్లలకు డ్రెస్సులు కొనిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది: దక్షిణాఫ్రికాలో ఒక పల్లెటూళ్లో జులు తెగ వాళ్ల సంప్రదాయ డాన్స్ ఆడే పిల్లలకు స్నేహితులంతా చందాలు వేసుకుని కొత్త డ్రెస్సులు కొనివ్వాలనుకుంటున్నారు, అది మంచి ఆలోచనేనా అని.

డ్రెస్సుల మాట తర్వాత. ముందు ఆ పిల్లలు ఆడే చోటికి ఎలా వెళ్తున్నారో కనుక్కోండి.

నేను క్వాజులు-నటాల్‌లోని రిచర్డ్స్ బేలో ఐదేళ్లు ఉద్యోగం చేశాను. మా ఆఫీసులో ఒకావిడది ఎషోవే అనే టౌను దాటాక కొండల్లో ఉండే చిన్న ఊరు. వాళ్లబ్బాయి ఇంద్లాము అనే జులు డాన్స్ ఆడతాడని ఓ ఆదివారం తీసుకెళ్లింది. కాలు తల ఎత్తుకి లేపి, డప్పు దెబ్బ పడే క్షణానికే నేలకేసి కొట్టాలి, అదీ ఆట. పదిహేను మంది ఒక్కసారిగా కొడితే ఆ అదురు దూరంగా నిలబడ్డ నా అరికాళ్లకి తెలిసింది. అంతా ఉత్తికాళ్లే. పాపం అనిపించి బూట్లు కొనిద్దామా అన్నాను. "బూట్లేసుకుంటే నేల ఎలా తెలుస్తుంది?" అన్నాడొక పిల్లాడు.

బూట్లు మానేశాను గానీ బుద్ధి రాలేదు. డర్బన్‌లో ఒక షాపులో, చేతులకీ మోకాళ్ల కిందా కట్టుకునే తెల్ల కుచ్చులు కొన్నాను. వాటిని అమాషోబా అంటారు, ఆవుతోక వెంట్రుకలతో చేస్తారు. నేను కొన్నవి సింథటిక్. పిల్లలు మర్యాదకి కట్టుకున్నారు. వాళ్ల గోగో, అంటే నాయనమ్మ, ఒకటి పట్టుకుని నలిపి చూసి "ఇది ఏ జంతువుది నాయనా?" అంది. ఊరంతా నవ్వు.

అక్కడ సెప్టెంబరు 24 హెరిటేజ్ డే. ఆ ప్రాంతంలో దాన్ని ఒకప్పుడు జులు రాజు షాకా పేరు మీద షాకా డే అనేవారు. ఆ రోజు పక్క టౌన్లో పోటీ. వస్తానన్న బక్కీ, అదే మన పికప్ వ్యాన్, రాలేదు. పిల్లలు నేను కొన్న కుచ్చులు కట్టుకుని రోడ్డు పక్కన మధ్యాహ్నం దాకా కూర్చున్నారట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

మరుసటి ఏడాది నుంచి మేం ముగ్గురం కలిసి బండి కిరాయి, ప్రాక్టీసు రోజుల్లో తిండి మాత్రమే చూసుకున్నాం. తిండి అంటే పెద్ద ఏర్పాటేం కాదు. మొక్కజొన్న పిండిని పొడిపొడిగా వండిన పూతూ, అందులోకి పులిసిన పాలు, అమాసి. మనకి పెరుగన్నం ఎలాగో వాళ్లకది అలాగ. వండేది గోగోలే, మేం సరుకులు ఇచ్చేవాళ్లం. గంటన్నర గంతులేసిన పిల్లాడు ఎంత తింటాడో చూస్తే గానీ నమ్మలేం!

సామాన్ల విషయం బృందాన్ని నడిపించే కుర్రాణ్ణి అడగండి. అతన్ని ఇగోసో అంటారు. పాటలు, అడుగులు, ఎవరు ముందు రావాలి అన్నీ అతని చేతిలోనే. మా ఇగోసో అడిగింది రెండే రెండు శుభ్రమైన ఖాళీ ఇనప డ్రమ్ములు. తోలు వాళ్లే బిగించుకున్నారు. అడక్కుండా నేను తెచ్చిన దేనికన్నా వాటి వాడకమే ఎక్కువ.

ఊళ్లో ఏం మొదలుపెట్టాలన్నా ముందు ఇందునాని, అంటే ఆ ఊరి పెద్దని, కలవండి. ఒంటరిగా కాదు, ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని. టూరిస్టు లాడ్జీల వాళ్లు పిల్లల్ని ఆడటానికి పిలుస్తుంటారు. ఆ డబ్బు ఎవరి చేతికి వస్తోంది, పిల్లలకి ఎంత చేరుతోంది అన్నది తల్లుల ముందే నోట్‌బుక్‌లో రాయించండి. మేం దీన్ని ఆలస్యంగా మొదలుపెట్టి, మొహమాటంతో చాలా నష్టపోయాం.

ఇంకొకటి, ఫోటోలు. ఆడపిల్లలు సంప్రదాయం ప్రకారం పూసల దండలతో, పైన బట్ట లేకుండా ఆడతారు. ఏటా సెప్టెంబరులో నోంగోమా దగ్గర జులు రాజుగారి సమక్షంలో జరిగే రెల్లు పండుగలోనూ అంతే. అది వాళ్లకి గౌరవం, అందులో సిగ్గుపడేదేం లేదు. కానీ నాతో వచ్చిన ఒకడు ఊళ్లో ఆట ఫోటోలు సోషల్ మీడియాలో పెట్టాడు. కింద వచ్చిన కామెంట్లు చూసి ఆ రాత్రే తీయించాను. చందా ఇచ్చిన వాళ్లు ఫోటోలు అడుగుతారు, తప్పదు. డప్పుల ఫోటో పంపండి.