పిల్లల డిటెక్టివ్ బొమ్మల కథలో క్లూ ఎక్కడ పెట్టాలి?

ముగ్గురు స్నేహితులు కలిసి ఓ చిన్న దొంగతనం గుట్టు విప్పే 64 పేజీల గ్రాఫిక్ నవల, 9–12 ఏళ్ల పిల్లలకు రాస్తున్నానన్నారు. క్లూలు ఎలా అల్లాలని అడిగారు.

క్లూని బొమ్మలో పెట్టండి, బెలూన్‌లోకి, అంటే పాత్రల మాటలుండే బుడగలోకి రానివ్వకండి. "అరే, ఇక్కడ బురద అడుగులు!" అని పాత్ర చేత అనిపించేశాక చదివే పిల్లకి చేయడానికి పనేం మిగులుతుంది?

ఉదాహరణకి ముగ్గురిలో ఒకరైన సుజి ఇంట్లో తాతయ్య రేడియో పోయిందనుకుందాం. 8:30 దాకా అది మోగడం వీధంతా విన్నది. బాబాయేమో "ఎనిమిదింటికే స్కూటర్ మీద వెళ్లిపోయాను" అంటాడు. 4వ పేజీలో వెడల్పాటి ప్యానెల్ (బొమ్మ గడి): తెల్లవారుజామున సుజి గేటు ముందు ముగ్గు వేస్తోంది. 19వ పేజీలో స్నేహితుడు రఫీ గేటు దగ్గరికి వస్తాడు, చేతి గడియారం 9:10 చూపిస్తోంది, అతని కాళ్ల దగ్గర ముగ్గు చెక్కుచెదరకుండా ఉంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. మనుషులు ముగ్గుని దాటుకుంటూ పోగలరు, స్కూటర్ చక్రం పోలేదు. అంటే బాబాయి అసలు ఇంట్లోంచి కదల్లేదు. రేడియో చేజారి పగిలితే భయపడి అటకెక్కించాడు, అంతే.

తెలివైన పిల్లలు ఇక్కడే పట్టుకుంటారు. వెనక గేటు ఉందేమో? అందుకే 3వ పేజీలో ఇంటి ప్లాన్ గీయండి: చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు, పక్కన రేకుల షెడ్డులో స్కూటర్. ముగ్గు పక్కనుంచి పోనిచ్చాడేమో? గేటు 4 అడుగులైతే, 3 అంగుళాల ఎడంతో 15 చుక్కల ముగ్గు దాన్ని నిండుగా కప్పుతుంది. బియ్యప్పిండితో వేయిస్తే చీమలు, పిచ్చుకలు చెరిపేస్తాయి కాబట్టి ముగ్గుపిండే వాడించండి. చెరిగాక మళ్లీ వేశారేమో? దీనికి జవాబు ఒక్క సుజికే తెలుసు. ఆ సుజి, తన బాబాయిని అనుమానించాడని రఫీతో కటీఫ్ చెప్పేసింది.

స్నేహం చేయాల్సిన పని ఇదే. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉండాలి, గొడవతో ఆ ముక్కలు విడిపోవాలి, వాళ్లు కలిస్తే తప్ప కేసు తేలకూడదు. స్నేహం గురించి చివరి పేజీలో టీచరు చేత ఉపన్యాసం ఇప్పించే పుస్తకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పిల్లలు ఆ పేజీ చదవరు.

వేలిముద్రలు కూడా అతిగా వాడేస్తున్నారు. పెన్సిల్ పొడి చల్లితే గాజు మీద, స్టీలు మీద ముద్ర తేలుతుంది, గరుకు గోడ మీద తేలదు. తేలినా, పోల్చడానికి అనుమానితుల ముద్రలు పిల్లల దగ్గర ఉండాలి కదా! వాడి తీరాలంటే 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైందనీ, వేలిముద్రల వర్గీకరణ వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి ఉందనీ కథలో చెప్పండి. మన పిల్లలకి అది తెలియాలి.

ఇక అచ్చు సంగతి. 64 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒకే షీటు మీద అచ్చై మడతపడే పేజీల కట్టలు) నాలుగు. బేసి పేజీ ఎప్పుడూ కుడివైపే వస్తుంది. కాబట్టి "ముగ్గు మళ్లీ వేశావా?" అన్న ప్రశ్న 47వ పేజీ చివరి ప్యానెల్లో ఉంచి, సుజి జవాబు 48లో పెట్టండి. 46, 47 ఎదురెదురుగా ఉంటాయి, జవాబు అక్కడ పెడితే ప్రశ్న చదవకముందే కన్ను దాని మీద పడుతుంది. ముగ్గు బైండింగ్ మడతకి 15 మి.మీ. దూరంలో ఉండాలి. రంగులు వేసేవారికి, బెలూన్లు పెట్టేవారికి 19వ పేజీ గురించి ముందే చెప్పండి, లేకపోతే బెలూన్ సరిగ్గా ముగ్గు మీదే కూర్చుంటుంది.

తెలుగు అక్షరాలకి గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. 12 పాయింట్ల అక్షరానికి లైన్ల ఎడం 17 పాయింట్లయినా ఇవ్వండి, బెలూన్‌కి పన్నెండు మాటలు మించనివ్వకండి. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి.

రంగులకి ముందే పెన్సిల్ డమ్మీ (నమూనా పుస్తకం) ఐదారుగురు పిల్లలకివ్వండి. 19 దగ్గరే అందరూ కనిపెట్టేస్తే ముగ్గు మరీ పెద్దగా గీశారని అర్థం, తగ్గించండి. 48 చదివాక కూడా వెనక్కి తిప్పి చూడకపోతే 4వ పేజీ ప్యానెల్ ఇంకాస్త పెద్దది చేయండి. అప్పుడు 19ని మాత్రం ముట్టుకోకండి.