సర్వేకి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

బొమ్మనహళ్లి గార్మెంట్స్ ఆడవాళ్ల ఆరోగ్యం మీద సర్వేకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇరవై రెండేళ్లు ఈ బెంగళూరులోనే ఫారాలు పట్టుకుని తిరిగినదాన్ని కదా, నీకు కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ముందు ‘ఆపరేషన్’ అనే మాట సంగతి. నీ ఫారంలో కుటుంబ నియంత్రణ ఒకచోట, గర్భసంచి తీయించుకోవడం ఇంకోచోట ఉంటాయి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు రెండింటినీ ఆపరేషన్ అనే అంటారు. మొదటి ఏడాది నేను "ఆపరేషన్ అయిందా?" అని అడగడం, అయిందనగానే కుటుంబ నియంత్రణ దగ్గర టిక్ పెట్టడం. ఒకామె నేను లేవబోతుంటే అంది: "అప్పట్నుంచి నడుము నొప్పి, ఒళ్లంతా ఆవిర్లు. ముట్టు కూడా నిలిచిపాయ మేడం." ముప్పై రెండేళ్ల మనిషి. తెల్లబట్ట అవుతోందని చూపించుకోవడానికి వెళ్తే సంచి తీసేశారు. అప్పటికి నేను నింపిన ఫారాల్లో అలాంటివాళ్లు ఎంతమంది తప్పు టిక్కు కింద ఉండిపోయారో! తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నువ్వు విడదీసి అడుగు. పిల్లలు పుట్టకుండా చేయించుకున్నదా, సంచి తీయించుకున్నదా, అప్పుడు వయసెంత, ఎందుకు తీయాలన్నారు. సంచి తీయించుకున్నవాళ్లు దేశంలో మన ఆంధ్ర, తెలంగాణల్లోనే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 విడతలో దీని మీద ప్రత్యేకంగా ప్రశ్నలు పెట్టింది.

తిండి గురించి "మూడు పూటలా తింటారా?" అని అడిగితే అందరూ తింటామనే అంటారు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తిన్నావక్కా అని అడుగు. మొగుడికీ పిల్లలకీ బాక్సులు కట్టి, తను టీ తాగి షిఫ్టుకి పరిగెత్తిన సంగతి అప్పుడు బయటపడుతుంది. బాత్రూంకి వెళ్తే టార్గెట్ పడిపోతుందని నీళ్లు కూడా తాగనివాళ్లను చూశాను. అదే జాతీయ సర్వే 2019-21 విడతలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. అంతకుముందు విడతలో 53. ఐరన్ మాత్రలు ఇచ్చారా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆ లెక్క అర్థం కాదమ్మా.

కొట్టడం, తిట్టడం గురించిన ప్రశ్నలు ఆమె ఒంటరిగా ఉంటేనే అడుగు. జాతీయ సర్వేలోనూ ఇంటికి ఒక్క ఆడమనిషినే, అదీ చాటు దొరికితేనే అడుగుతారు. మధ్యలో అత్తగారో భర్తో వస్తే వెంటనే నీళ్ల కుళాయి మీదకో రేషన్ మీదకో మాట మార్చెయ్. ఆ ప్రశ్నలు ఖాళీగా ఉన్నా పరవాలేదు. నువ్వు వెళ్లిపోయాక దెబ్బలు తినేది ఆమె.

పథకాల దగ్గర ‘లేదు’ అని రాసి ముందుకు పోకు. కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి పథకం 2023లో మొదలైంది. నెలకు రూ. 2000 రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా ఉన్నామె ఖాతాలో పడుతుంది. మనవాళ్లలో చాలామందికి కార్డు సొంతూళ్లో ఉంటుంది, ఇక్కడ రాదు. ఉచిత బస్సుకీ కర్ణాటక చిరునామా ఉన్న కార్డే చూపించాలి. డబ్బు వస్తున్న ఇంట్లోనూ ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. ఫారంలో ఆ ప్రశ్న లేకపోతే పక్కన రాసుకో.

ఎవరికైనా రక్తస్రావం ఆగడం లేదని తెలిస్తే ఫారం పక్కన పెట్టు. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉంటుంది. చాలామందికి ఆ కార్డు ఎలా వాడాలో తెలియదు. దగ్గరి డిస్పెన్సరీ ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకో.

ఆదివారమే వాళ్లకు సెలవు. పదకొండు గంటలకి బట్టలుతుకుతుంటారు, వెళ్లి పక్కన కూర్చో. మొదటి పది ఫారాలు అయ్యాక ఇంటికి రా. ఎవరి పేరూ, ఎవరి సంగతీ నాకు చెప్పొద్దు. ఏ ప్రశ్న దగ్గర వాళ్లు తడబడ్డారో చెప్పు, దాన్ని ఎలా అడగాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్త