పల్మనరీ ప్రెషర్ ఎక్కువుంటే కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్ కాదనుకోవచ్చా?

అనుకోలేం, గుండె చుట్టూ ఉండే పొర గట్టిపడే ఈ జబ్బులో కూడా పల్మనరీ ప్రెషర్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి) కొంచెం పెరుగుతుంది, కాకపోతే పై ప్రెషర్ (సిస్టాలిక్) 55-60 mmHg దాటితే మాత్రం ఇంకో కారణం ఉందేమో గట్టిగా వెతకాలి.

ఆ పొర గట్టిపడి గుండెని బిగించేస్తుంది కదా, కండరం బాగానే ఉన్నా రక్తం నిండటానికి లోపల చోటు చాలదు, దాంతో రెండు వైపులా ఫిల్లింగ్ ప్రెషర్లు (గుండె నిండేటప్పుడు లోపలి ఒత్తిడి) పెరిగి దాదాపు సమానమైపోతాయి, ఎడమ వైపు పెరిగిన ప్రెషర్ వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది. అంతేగానీ ఊపిరితిత్తుల రక్తనాళాలు చెడిపోయి పెరిగింది కాదు.

ఉదాహరణకి కాళ్లవాపు, పొట్టలో నీరు, మెడ నరాలు ఉబ్బిన మనిషికి ఎకోలో ప్రెషర్ 42 వచ్చింది, గుండె మధ్య గోడ ప్రతి బీట్‌కీ అదురుతోంది అనుకోండి, కన్‌స్ట్రిక్షన్ అనుమానం బలపడుతుంది. అదే 75 ఉంటే గుండె కండరమే బిగుసుకుపోయే రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతీయో, ఊపిరితిత్తుల రక్తనాళాలే చెడిపోయిన అసలు పల్మనరీ హైపర్‌టెన్షనో అయ్యే ఛాన్స్ ఎక్కువ. ఇంకా డౌట్ ఉంటే క్యాథ్ (సన్నని గొట్టం గుండెలోకి పంపి ప్రెషర్లు కొలిచే పరీక్ష) చేస్తారు, నా లెక్కలో తేల్చేది అదే: ఊపిరి పీల్చినప్పుడు కుడి జఠరిక (గుండె కింది గది) ప్రెషర్ పెరిగి ఎడమది తగ్గితే కన్‌స్ట్రిక్షన్, రెండూ కలిసి తగ్గితే కండరం జబ్బు.

చాలామంది పొరబడేది సీటీ దగ్గర. పొర మందం నార్మల్ అని రాగానే జబ్బు లేదనేస్తారు, కానీ ఆపరేషన్‌లో రుజువైన కేసుల్లో కూడా 18 శాతం దాకా మందం నార్మల్‌గానే ఉంది.